చేతికివ్వని కత్తి

అరవై ఆరో సంవత్సరం మే నెల ముప్ఫై ఒకటో తారీఖు ఉదయం వసుమతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు అబిడ్స్‌లో ఒక కత్తి కొనాలి. పదిన్నరకు నాంపల్లిలో ఆఫీసు చేరాలి. సాయంత్రం నాలుగులోగా ఒక కవరు రిజిస్టరు పోస్టులో వేయాలి. ఈ మూడింటిలో కత్తి కొనడమే తేలిక అనుకుంది పాపం.

కత్తి ఆఫీసు కోసమే. నాంపల్లి స్టేషను ఎదురు సందులో ఉన్న ఒక సర్కారు ఆఫీసులో ఆమె డిస్పాచి గుమాస్తా. రోజుకు ముప్ఫై నలభై కట్టలు పురికొసతో బిగించి, ముడి మీద లక్క కరిగించి పోసి, ముద్ర కొట్టి పంపే ఉద్యోగం. పురికొసను ఆఫీసులో అందరూ సుతిలి అంటారు. ఆ సుతిలిని ఆమె ఐదేళ్ళుగా గడ్డం గీసుకునే పాత బ్లేడుతోనూ, బ్లేడు దొరకని రోజున పళ్ళతోనూ తెంపుతోంది. మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాక "ఆఫీసు పనికై ఒక కత్తి కొనవచ్చును" అని పైనుంచి అనుమతి వచ్చింది.

అసలు ప్రాణమంతా ఆ కవరులో ఉంది. ఐదేళ్ళయినా వసుమతి ఇంకా టెంపరరీయే. ఉద్యోగం ఖాయం చేయదగ్గవాళ్ళ జాబితాలో ఆమె పేరుంది. ఆ జాబితా పై ఆఫీసుకు వెళ్ళాలి, దాని మీద ఇవాళ్టి పోస్టు ముద్ర పడాలి. రేపటితో ఆమెకు వయసు హద్దు దాటిపోతుంది. ఆ తర్వాత ఎవరు దయతలచినా లాభం లేదు. ఆ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు, ఆమె ఇంటికి పోతుంది. జాబితా టైపయి ఇరవై రోజులైంది. కావలసిందల్లా సూపరింటెండెంటు వామన్‌రావు సంతకం.

వామన్‌రావు చెడ్డవాడు కాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, పండగపూట అందరికీ మిఠాయి పంచుతాడు. ఆయనకు సంతకమంటే భయం, అంతే. సంతకం పెట్టనివాణ్ణి ఏ ఆడిటరూ పట్టుకోలేడన్నది ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన కనిపెట్టిన సత్యం. ఏ ఫైలు పెట్టినా కళ్ళద్దాలు తుడుచుకుని, మొదటి పేజీ చదివి, "రేపు చూద్దాం" అంటాడు. ఆ మీదట డ్రాయరు సగం లాగి, లోపల దాచుకున్న డిటెక్టివ్ నవల చదువుకుంటాడు. వసుమతి ఇరవై రోజులుగా ప్రతి పొద్దునా జాబితా ఫైలు ఆయన ముందు పెట్టడం, మాట్లాడకుండా నిలబడటం, "రేపు చూద్దాం" వినడం, వెనక్కి రావడం. ఇవాళ ఆ మాట వింటే ఏం చేయాలో ఆమెకు తోచడం లేదు.

ఆమె చెప్పులేసుకుంటుంటే అత్తగారు అహల్యాబాయి కూడా చెప్పులేసుకుంది.

"మీరెక్కడికి అత్తమ్మా?"

"నీ ఎంబడే. కత్తి కొంటనంటివి గద? కత్తుల సంగతి నీకేమెరుక?"

అహల్యాబాయి కొడుకు రామచందర్ రైల్వేలో గార్డు. వారంలో నాలుగు రోజులు ఖాజీపేటలోనే ఉంటాడు. కోడలు సాయంత్రం ఒంటరిగా నడిచి వస్తుందని ఆవిడకు ఎప్పటినుంచో బెంగ. దానికి తోడు నాంపల్లి స్టేషను దగ్గర ఎవరో ఎవరి మెడలోనో గొలుసు తెంపుకుపోయారని పక్కింటి శశికళ మొన్ననే చెప్పింది. ఎవరు, ఎవరిది అని అడిగితే శశికళకూ తెలియదు. వివరాలు తెలియకపోయేసరికి అహల్యాబాయి భయం రెట్టింపయింది.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో సదాశివ దుకాణం. గోడల నిండా కత్తెరలు, చాకులు, అడకత్తెరలు. సదాశివకు సరుకు అమ్మడం కన్నా సరుకు గురించి చెప్పడం ఇష్టం.

"ఏం కోయనీకమ్మా?" అన్నాడు.

"సుతిలి తెంపనీకి, పెన్సిళ్ళు చెక్కనీకి" అంది వసుమతి.

ఆయన వెతక్కుండానే ఒక కత్తి తీసి బల్ల మీద పెట్టాడు. కర్ర పిడి, నాలుగు వేళ్ళ పొడుగు పదునైన అలుగు. వసుమతి చేతిలో అది చక్కగా ఒదిగింది. అహల్యాబాయి మాత్రం పెదవి విరిచింది.

"గిదేంది, గోళ్ళు తీసుకునేతందుకా? దొంగ గిట్ల వస్తే దీన్ని జూసి నవ్వుతడు. అగో, ఆ అద్దాల పెట్టెల ఉన్నది చూడు, అది తియ్యి."

అది మడత కత్తి. ఇత్తడి పువ్వులు పొదిగిన పిడి, జానెడు అలుగు. సదాశివ మీట నొక్కి తెరిస్తే టకటకటకమన్న ఆ చప్పుడుకు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. అహల్యాబాయి మొహం వెలిగిపోయింది.

"కత్తంటే గిది!"

"అమ్మా, నా మాట జర వినున్రి" అన్నాడు సదాశివ. "పని కత్తి రోజుకు వందపార్లు చేతుల ఉంటది. దాని బరువు, దాని పదును చేతికి ఎరుకైతయి. దాసుకునే కత్తి ఏడాదికి ఒకపారి తీస్తరు, అదీ భయంల తీస్తరు. చెయ్యి వణుకుతది. వణికే చేతులకెళ్ళి ఎదుటోడు గుంజుకుంటడు. ఇగ అది ఆని కత్తి, మీ మెడ. దొంగొస్తే నలుగురికి వినవడేటట్టు గట్టిగ ఒర్రున్రి, ఉరుకున్రి. గంతకన్న మంచి ఆయుధం నా దుకాణంల లేదు."

"మరి గసొంటిది ఎందుకు అమ్ముతున్నవ్?"

"కొంటున్నరు గనక."

వసుమతి కర్ర పిడి కత్తే తీసుకుని, రసీదు రాయించుకుని బయటికి వచ్చింది. "అడకత్తెర చూసొస్త, నువ్వు నడువు" అని అత్తగారు లోపలే ఆగింది. రెండు నిమిషాల్లో వచ్చి కలుసుకుంది. "నీ సంచి ఇటియ్యి, నిమ్మకాయ ఏస్త. ఇయ్యాల సంతకం కావాలె గద" అంది. నిమ్మకాయ వేసిన మాట నిజమే. దాంతోపాటు అదే రకం కాగితంలో చుట్టిన ఇత్తడి పిడి మడత కత్తి కూడా వేసింది. సదాశివ ఉపన్యాసం ఆవిడ ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసింది.

పదకొండు గంటలకు వామన్‌రావు పిలిచాడు.

"కత్తి తెచ్చినవా అమ్మా? తే, చూసి స్టాక్ రిజిస్టర్ల ఎక్కిద్దాం."

వసుమతి అలవాటు ప్రకారం ముందు జాబితా ఫైలు టేబుల్ మీద పెట్టింది. తర్వాత సంచిలో చేయి పెట్టి, చేతికందిన పొట్లం తీసి విప్పింది. లోపల ఇత్తడి పువ్వులు కనబడ్డాయి. ఇది ఎవరి పనో అర్థమైపోయింది. గబగబా కాగితం మళ్ళీ చుట్టబోతే వేలు మీట మీద పడింది. టకటకటక! జానెడు అలుగు బయటికొచ్చి మెరిసింది.

"ఏదీ, ఇటియ్యి" అని వామన్‌రావు అప్పటికే చేయి చాపి ఉన్నాడు, ఆ చప్పుడుకు కూడా నవల మీదనుంచి కళ్ళెత్తకుండా.

ఇస్తే సరిపోయేది. కానీ కత్తి చేతికివ్వడం వసుమతి పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ తగాదా వస్తుందని ఆమె పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ కత్తి కింద పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. అదీగాక ఇవాళ ఈ మనిషితో తగాదా పడితే ఇంకేమన్నా ఉందా? అందుకని ఆమె ఆయన చాచిన చేతిని దాటించి, కత్తిని భద్రంగా ఫైలు మీద పెట్టింది. పిడి తన చేతిలో ఉంది గనక మొన ఆయన వైపు తిరిగింది. ఇంత పెద్ద కత్తి ఆఫీసుకెందుకంటే ఏం చెప్పాలో తెలియక నోరు పెగల్లేదు. రోజూ నిలబడినట్టే మాట్లాడకుండా నిలబడింది.

వామన్‌రావు కళ్ళెత్తాడు. నవలలో ఆయన సరిగ్గా మూడో హత్య దగ్గరున్నాడు. ఎదురుగా ఫైలు. ఫైలు మీద కత్తి. కత్తి వెనక ఇరవై రోజులుగా తిప్పించుకున్న మనిషి, నోరు మెదపకుండా.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకోలేదు. మొదటి పేజీ చదవలేదు. రెండు వేళ్ళతో ఫైలును కత్తి కిందనుంచి మెల్లగా లాక్కుని సంతకం పెట్టాడు. నకలు మీదా పెట్టాడు. వెనకున్న ఖాళీ కాగితం మీద కూడా పెట్టాడు.

"చాలునా?" అన్నాడు సన్నని గొంతుతో.

"చాలు సార్!" అంది వసుమతి. ఆ ఆనందంలో ఆమెకు కత్తి సంగతే గుర్తులేదు. ఫైలు గుండెలకు హత్తుకుని తన సీటుకు పరిగెత్తినంత పని చేసింది. సంచి అడుగున నిమ్మకాయ పక్కన కర్ర పిడి కత్తి దొరికింది. ఐదేళ్ళలో మొదటిసారి సుతిలి ఒక్క గీతతో తెగింది. జాబితా కవరులో పెట్టి, కట్టి, లక్క ముద్ర కొట్టి, కవరు పట్టుకుని అబిడ్స్ పోస్టాఫీసుకు బయల్దేరింది. ఎండ మాడ్చేస్తోంది గానీ ఆమెకు తెలియలేదు.

ఇక్కడ ఆఫీసులో అటెండరు బీరయ్య టీ పట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళాడు. వామన్‌రావు కుర్చీ గోడకానించి కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద కత్తి. దాని మీద చిత్తుకాగితాల బుట్ట బోర్లించి ఉంది.

"ముట్టకు! వేలిముద్రలున్నయి" అన్నాడు వామన్‌రావు.

"ఎవరియి సార్?"

"వసుమతమ్మయి."

బీరయ్య తాను చూసింది చూసినట్టే టైపిస్టు ఆగ్నెస్‌కు చెప్పాడు. ఆగ్నెస్ సికింద్రాబాద్ అమ్మాయి, అబద్ధమాడదు. జరిగి ఉంటుందని తనకు తోచింది మాత్రం కాస్త కలిపింది. మెట్ల దాకా వచ్చేసరికి కత్తి టేబుల్‌లో దిగింది. వరండా దాటేసరికి వామన్‌రావు భుజంలో దిగింది. గేటు చేరేసరికి ఎవరో దవాఖానకు రిక్షా పిలిచారు, ఇంకెవరో పోలీసు ఠాణాకు పరిగెత్తారు. భుజంలో కత్తి దిగిన మనిషి మాత్రం పైన గదిలో గడియ పెట్టుకుని టీ తాగుతున్నాడు.

పోస్టాఫీసులో ఆ పూట చాంతాడంత వరస ఉంది. వసుమతి ముందు ఇంకా ముగ్గురున్నారు. కవరుకు కట్టిన సుతిలి కొస వేలాడుతోంటే కర్ర పిడి కత్తితో కోస్తోంది. అంతలో కానిస్టేబులు వచ్చాడు. వెనక బీరయ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"ఆ కత్తి ఇటియ్యమ్మా" అన్నాడు కానిస్టేబులు.

ఆమె అలవాటు ప్రకారం కత్తిని బల్ల మీద పెట్టింది. ఆయన అలవాటు ప్రకారం బల్ల మీదనుంచి తీసుకున్నాడు. ఇందులో వింత ఉందని ఇద్దరికీ తోచలేదు.

"జర ఆగున్రి అన్నా, ఈ కవరు ఏసి వస్త" అని బతిమాలింది వసుమతి.

"అదే కవరు గావాలె. ఎస్సై సాబ్ మీ ఆఫీసుల కూసున్నడు, నడువున్రి."

నాంపల్లి దాకా నడిచిన ఆ పావుగంటలో వసుమతి కవరును చేతిలోంచి వదల్లేదు. తాను చేసిన తప్పేమిటో తెలియదు. ఒంటిగంటన్నర అయింది. నాలుగుకు పోస్టాఫీసు కిటికీ మూసేస్తారు.

వామన్‌రావు గది కిక్కిరిసి ఉంది. ఎస్సై ఇంద్రసేన కుర్చీలో కూర్చున్నాడు. బుట్ట తీసేశారు, మడత కత్తి టేబుల్ మీదుంది. వసుమతికి మధ్యాహ్నం తిండి తెచ్చిన అహల్యాబాయి టిఫిను డబ్బాతో గుమ్మంలో కొయ్యబారి నిలబడింది.

"రావు సాబ్, ఈమె మిమ్ముల బెదిరించిందా?" అన్నాడు ఎస్సై.

వామన్‌రావు టేబుల్ మీది కత్తి వైపు వేలు చూపించాడు. "కత్తి ముందల పెట్టింది. సంతకం పెట్టిన."

"ఏమన్నది?"

"ఏమనలే. గదే కద సాబ్ నా భయం!"

ఎస్సై వసుమతి వైపు తిరిగాడు. "కత్తి సాబ్ ముందల ఎందుకు పెట్టినవమ్మా?"

వసుమతికి అప్పటికి గాని తన మీద ఉన్న నేరమేమిటో తెలియలేదు. తెలిశాక ఏడుపు రావలసింది, కోపం వచ్చింది.

"సార్ చెయ్యి చాపిన్రు. కత్తి చేతికెట్లిస్తం? కొట్లాట అయితది గద!"

"గవన్నీ బహానాలు, ఉత్త సాకులు" అన్నాడు వామన్‌రావు.

ఎస్సై ఒక్క క్షణం ఆలోచించాడు. మడత కత్తి తీసి పక్కనున్న కానిస్టేబులుకు అందించాడు. "పట్టు."

కానిస్టేబులు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "కింద పెట్టున్రి సార్, తీసుకుంట."

ఎస్సై బీరయ్యకు అందించాడు. బీరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఆగ్నెస్‌కు అందించాడు. "నో సర్, టేబుల్ మీద పెట్టండి ప్లీజ్. మా మమ్మీ కూడా చేతికి ఇవ్వనివ్వదు" అంది ఆగ్నెస్. చివరికి వామన్‌రావు వైపు చాపాడు.

"మీరు పట్టున్రి రావు సాబ్. ఆఫీసు కత్తి గద."

"వద్దు, వద్దు, చేతికియ్యకున్రి, అక్కడ పెట్టున్రి!" అనేశాడు వామన్‌రావు. అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. గది ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా కానిస్టేబులు నవ్వాడు.

"ఆ కత్తి నాది బిడ్డా" అని అహల్యాబాయి ముందుకొచ్చింది. "మా కోడలికెరుక లేదు. దొంగల భయానికి నేనే సంచిల ఏసిన. పట్టుకపోతే నన్ను పట్టుకపో."

ఎస్సై టేబుల్ మీద పడున్న సుతిలి ముక్కను మడత కత్తితో కోసి చూశాడు. తెగలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. కాస్త పీచు లేచింది, అంతే. అలుగుకు మెరుగే గానీ పదును పెట్టినట్టు లేదు. కర్ర పిడి కత్తి ఆనిస్తే తాడు రెండు ముక్కలయింది.

"దీనికా రావు సాబ్ మీరు భయపడ్డది?" అన్నాడు.

వామన్‌రావు చెవులు ఎర్రబడ్డాయి. అవమానం పడ్డవాడికి పౌరుషం వస్తుంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏదైతేంది సాబ్, భయంతోని పెట్టిన సంతకం చెల్లదు. కవరు ఇటియ్యమ్మా. రేపు చూద్దాం."

గదిలో నవ్వు ఆగిపోయింది. రేపంటే ఏమిటో అక్కడున్న ప్రతి గుమాస్తాకూ తెలుసు. గడియారం రెండుంబావు చూపిస్తోంది. నాలుగుకు కిటికీ మూసేస్తారు. కానీ ఆ మనిషిని బతిమాలడానికి వసుమతి మనసు ఒప్పుకోలేదు. కవరు ఆయన ముందు పెట్టింది. దాని పక్కన కర్ర పిడి కత్తి పెట్టింది, ఈసారి పిడి ఆయన వైపు తిప్పి.

"తీసుకోన్రి సార్. నాకు భయంతోని వచ్చిన సంతకం వద్దు. ఐదేండ్లు పండ్లతోని సుతిలి తెంపిన, ఒక్క కట్ట వాపస్ రాలే. నేను ఈ నౌకరీకి తగుతనా తగనా, గీళ్ళందరి ముందల చెప్పున్రి. తగనంటే మీరే తెంపున్రి. సీలు ఏసిన కవరు గనక ఎందుకు ఇప్పినమో డిస్పాచి రిజిస్టర్ల రాయాలె. 'సూపరింటెండెంటుగారు సుతిలి కూడా తెగని కత్తిని జూసి భయపడి సంతకం పెట్టిన్రు, ఇప్పుడు వాపస్ తీసుకుంటున్నరు' అని నేను రాస్త. దాని కింద మీరు సంతకం పెట్టున్రి."

"పంచనామా మీద గూడ ఒకటి కావాలె" అన్నాడు ఎస్సై, నవ్వు ఆపుకుంటూ.

"పై ఆఫీసుకు రాసే సంజాయిషీ మీద కూడా సర్, మూడు కాపీలు. టైపు చేయనా?" అంది ఆగ్నెస్ వినయంగా.

వామన్‌రావు మొహాన చెమటలు పట్టాయి. పెట్టిన ఒక్క సంతకాన్ని తీసేయడానికి ఐదు సంతకాలు! ఆయన కవరు వైపు చూశాడు, కత్తి వైపు చూశాడు, ఎదురుగా నిలబడ్డ మనిషి వైపు చూశాడు. ఇరవై రోజుల్లో ఆమెను ఆయన తలెత్తి సరిగ్గా చూడటం అదే మొదటిసారి. కుర్చీలో కూలబడ్డాడు.

"తగుతవమ్మా" అన్నాడు. గదిలో అందరికీ వినబడేటట్టే అన్నాడు. "నీ అంత పనిమంతురాలు ఈ ఆఫీసుల లేదు. సంతకం ఉండనీ. పో, పోస్టు చెయ్యి."

బీరయ్య చప్పట్లు కొట్టాడు. తర్వాత అటెండరు చప్పట్లు కొట్టవచ్చో లేదో తెలియక ఆపేశాడు. అప్పటికి మిగతావాళ్ళు అందుకున్నారు.

వామన్‌రావును దవాఖానకు చేర్చడానికి పిలిచిన రిక్షా గేటు దగ్గర ఇంకా ఎదురుచూస్తోంది. దెబ్బ తగిలినవాడు ఎక్కడని అడుగుతున్న రిక్షావాణ్ణి "అబిడ్స్ పోనీ బిడ్డా, జల్ది!" అని అహల్యాబాయి అదిలించింది. రిక్షాలో కూర్చున్నాక వసుమతికి అంతసేపూ ఆగిన ఏడుపు వచ్చింది. అత్తగారు చెంగుతో కోడలి కళ్ళు తుడుస్తూ, "తప్పైంది బిడ్డా. ఆ సదాశివ చెప్పిందే నిజం" అని ఒప్పుకుంది.

మూడు గంటలకు కిటికీ దగ్గర గుమాస్తా కవరు తూచి, ముద్ర ఎత్తి, ధన్ మని కొట్టాడు. మే ముప్ఫై ఒకటి అన్న అక్షరాలు స్పష్టంగా పడ్డాయి. వసుమతి వాటిని రెండుసార్లు చదివి, పోస్టాఫీసు మెట్లు రాణిలాగా దిగింది.

అట్నుంచటే అహల్యాబాయి, ఎస్సై వదిలేసిన మడత కత్తిని దుకాణంలో వాపసు ఇచ్చి అడకత్తెర తెచ్చుకుంది. సదాశివ ఒక్క మాట కూడా అనకుండా మార్చి ఇచ్చాడు. "ముందే చెప్పలే?" అనకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడ్డాడో మొహం చూస్తే తెలిసిపోయేది.

ఉద్యోగం ఖాయమైనట్టు నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఆనాటినుంచి వామన్‌రావు దగ్గర కదలని ఫైళ్ళన్నీ అన్ని సెక్షన్లవాళ్ళూ వసుమతి చేతనే పంపించసాగారు. ఆమె ఫైలు పెట్టి మాట్లాడకుండా నిలబడేది, ఆయన కళ్ళద్దాలు తుడుచుకోకుండానే సంతకం చేసేవాడు. ఏడాది చివర ఆ ఆఫీసు చురుకుదనానికి కారణమేమిటని పైవాళ్ళు ముచ్చటపడి అడిగితే, వామన్‌రావు "నా పర్యవేక్షణ" అని రాసి పంపాడు, కింద సంతకం పెట్టకుండా.